మక్బూల్ సాబు అతికించిన గాజు

మక్బూల్ సాబు హాల్లో గాజు పట్టీ అతికించిన రోజు నేను మా వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మా ఇంటికి ఎదురుగానే ఇంజనీర్ల హాలు. కిటికీ రెక్కలు తెరిచి ఉన్నాయి. లోపల ఆయన స్టూలెక్కి, మెడ వెనక్కి వాల్చి, పైన బీము మీదికి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి స్టూలెక్కితే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. చేట పక్కకు నెట్టి రోడ్డు దాటాను.

“ఏం జేస్తున్నవ్ సాబ్? పావురాలు గూడు పెట్టినయా?”

“గూడు గాదక్కా. జర స్టూలు పట్టుకో, ఊగుతున్నది.”

పట్టుకున్నాను. స్టేజీకి సరిగ్గా పైనున్న బీముకు వెంట్రుకంత సన్నటి పగులు ఉంది. ఆ పగులుకు అడ్డంగా వేలెడంత గాజు ముక్క పెట్టి, రెండు కొసల్నీ తెల్లటి ముద్దతో అతికిస్తున్నాడు.

“గోడకు బొట్టు పెట్టినట్టే ఉన్నది. గిదెందుకు?”

“బీము జరంత కదిలినా గాజు పలుగుతదక్కా. పలగకుంటే నెర్రె పాతది, ఫికర్ లేదన్నట్టు.”

“పలిగితే?”

ఆయన దిగి చేతులు తుడుచుకున్నాడు. స్టూలును తీసుకెళ్లి మూలకు పెట్టాడు. నా ప్రశ్న మాత్రం అక్కడే, బీము కింద, ఉండిపోయింది.

మక్బూల్ సాబుది సుల్తానాబాద్. వాళ్ల బాపు బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసేవాడు. ఈయన డిప్లొమా చదివి కాలువల శాఖలో చేరాడు. ఆదిలాబాద్ అడవుల దాకా బదిలీల మీద తిరిగి, చివరికి కరీంనగర్‌లో మా గల్లీలోనే ఇల్లు కట్టుకున్నాడు. భార్య షహర్ బానో. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం గట్టిది. పిల్లలు లేరు. ఆ లోటు గురించి నేను ఒకసారి అడగబోతే బానో నా చేతిలో సేమ్యా గిన్నె పెట్టి, “తిను, సల్లారిపోతది” అంది. మళ్లీ అడగలేదు.

పిల్లలు లేని ఇంట్లో ఇంజనీర్ల సంఘమే పిల్లలూ చుట్టాలూ. మొదట్లో వాళ్లకు హాలు లేదు, ఫొటో స్టూడియో పైన ఒక కిరాయి గది ఉండేది. సొంత హాలు కట్టుకుందామనుకున్నప్పుడు ప్లాను గీసింది మక్బూల్ సాబే. నెలల తరబడి తెల్లవారగానే పైపు పట్టుకొని పిల్లర్లకు నీళ్లు పట్టింది కూడా ఆయనే. ద్వారం పక్కన రాతి మీద ఆయన పేరు చెక్కించారు. అప్పటినుంచి ముందు వరుసలో, నడిమి కుర్చీ ఆయనది. ఆయన రాకముందు దాంట్లో ఎవరూ కూర్చోరు.

ప్రతి నెలా రెండో ఆదివారం మీటింగు. ఎవరో ఒకరు సిమెంటు గురించో వంతెనల గురించో మాట్లాడతారు, సగం మంది కునుకు తీస్తారు. మిర్చీలు రాగానే అందరూ లేస్తారు. అసలు సంఘం అప్పుడే మొదలవుతుంది. ఒకరి బిడ్డకు సంబంధం, ఇంకొకరి తమ్ముడికి ఆపరేషను, పింఛను కాగితాలు ఆగిపోయిన వాళ్ల గోడు. సభ్యుడి ఇంటికి స్లాబు పోస్తుంటే మిగతా సభ్యులంతా పొద్దున్నే వెళ్లి నిలబడాలి, అది వాళ్ల ఆనవాయితీ. కూలీల కంటే ఇంజనీర్లే ఎక్కువ కనిపిస్తారు. పని అయ్యాక అందరూ అక్కడే తిని వస్తారు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. పెద్దసభ్యుడు మీటింగులో ఒక మాట చెప్పాక దాన్ని రెండోసారి అడగరు.

కొన్నేళ్ల కింద ఈ రెండో ఆనవాయితీ మీదే ఒక అంతస్తు లేచింది. జమ్మికుంట నుంచీ మంచిర్యాల నుంచీ పనుల మీద వచ్చే సభ్యులకు పడుకోను గదులు కావాలన్నారు. హాలు మీద వేద్దామన్నారు. ఆ మీటింగు జరుగుతున్నప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. గాలి కోసం.

కార్యదర్శి కుమార్ లేచి, “సర్, పైన వేసే ముందట లెక్కలు ఒక్కసారి చూసుకుందామా?” అన్నాడు. కుమార్ మక్బూల్ సాబు దగ్గర పని నేర్చుకున్నవాడు. చిన్నప్పటి నుంచి అలవాటైన వినయం, తల పూర్తిగా ఎత్తడు.

మక్బూల్ సాబు నడిమి కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తాడు.

“నా పిల్లర్లు మోస్తయ్. రాసుకోన్రి.”

చప్పట్లు కొట్టారు. కుమార్ కూర్చున్నాడు.

ఆ ఎండాకాలమే మా ఇంటి మీద కూడా ఒక వాటా వేసుకుందామనిపించి నేను ఆయన్ని పిలిచాను. మా ఇంటి ప్లాను కూడా ఆయనదే. ఆయన వచ్చి, ముందు గది గోడను గుర్రం మెడ మీద తట్టినట్టు అరచేత్తో తట్టి, “మోస్తదక్కా” అన్నాడు. గల్లీలో ఇంకా కొందరికి అదే మాట చెప్పాడు. అందరం పైన కట్టుకున్నాం. అందరం పైన కిరాయికి ఇచ్చుకున్నాం.

గాజు అతికించిన తరువాత మక్బూల్ సాబు ప్రతి మీటింగుకు ముందు వెళ్లి దాన్ని చూసి వచ్చేవాడు. ప్రతిసారీ గాజు నిండుగా ఉండేది. మొదట్లో ఆయన ముఖంలో ఉన్న ఆదుర్దా మెల్లగా పోయింది. “పాత నెర్రెనే అక్కా. సిమెంటు ఎండినప్పటిది” అని నాకు తనే చెప్పాడు. ఈసారి ఇంజనీర్ల దినానికి ఆయనకు సన్మానం చేస్తామని సంఘం వాళ్లు వస్తే ఒప్పుకున్నాడు. అంతకు ముందు రెండుసార్లు వద్దన్నవాడు.

ఆ సెప్టెంబరులో వాన విడవలేదు. హాలు గోడలు తడిసి నల్లబడ్డాయి. సన్మానం ముందురోజు హాలు ఊడ్చే సాయవ్వ మా ఇంటికి చాయ్ తాగను వచ్చింది. ఊడ్చాక మా వాకిట్లో కాసేపు కూర్చోవడం ఆమెకు అలవాటు. చర్చి పాటలు కూనిరాగం తీసుకుంటూ వస్తుంది. ఆ రోజు పాట లేదు. బొటనవేలికి గుడ్డ చుట్టుకొని ఉంది.

“ఏమైంది?”

“గాజు పెంకు గుచ్చింది శంకరవ్వా. స్టేజి మీద ఎన్నిసార్లు ఊడ్సినా మల్ల వస్తనే ఉన్నయ్. ఎవలు పలగ్గొడుతున్నరో ఏమో.”

“ఏవీ, చూపియ్యి.”

“ఏం జూస్తవ్, పారేసిన.”

“ఎక్కడ పారేసినవ్?”

సాయవ్వ నా ముఖం చూసి నవ్వింది. “చెత్తబుట్టల చెయ్యి పెడుతవా ఏంది ముసల్దానా!”

పెట్టాను. పల్చటి గాజు. ఒక కొసకు ఎండిన తెల్లటి ముద్ద అంటుకొని ఉంది. దాన్ని కొంగులో కట్టుకొని మక్బూల్ సాబు ఇంటికి నడిచాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. బానో ఆయన షేర్వానీకి ఊడిపోయిన గుండీ కుడుతోంది. నేను నవ్వుతూనే అడిగాను.

“ఎన్ని గాజులు పలగ్గొట్టుకుంటవ్ సాబ్? స్టూలెక్కితే చేతులు వణుకుతున్నయా? సాయవ్వ వేలు కోసుకుపోయింది పాపం.”

పెంకు ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తెల్ల ముద్దను గోటితో గీకాడు.

“అక్కా, నేను ఒక్కటే పెట్టిన.”

“ఏంది?”

“ఒక్కటే. ఇయ్యాల్టి దాంక అదే ఉన్నది అనుకుంటున్న.”

బానో సూది ఆగిపోయింది. “క్యా హువా జీ?” అంది. ఆయన చెప్పులు వేసుకోకుండానే లేచాడు. నేను వెనకాలే పోయాను, పిలవకపోయినా.

హాల్లో సన్మానానికి స్టేజి అలంకరించి ఉంది. వెనక గుడ్డ మీద మక్బూల్ సాబు ముఖం మా తలుపంత పెద్దగా నవ్వుతోంది. నిజం మనిషి దాని ముందు స్టూలు వేసుకొని ఎక్కాడు. పైన గాజు నిండుగా మెరుస్తోంది. కొసన ఉన్న తెల్ల ముద్దలో ఆయన గోరు నొక్కాడు. గోరు లోపలికి దిగింది.

“పచ్చిగున్నది” అన్నాడు. “నిన్ననో మొన్ననో పెట్టిండ్రు.”

స్టూలు దిగాడు. కుమార్‌కు ఫోను చేసి, “జల్ది రా” అన్నాడు, అంతే. కుమార్ చేతిలో పూలదండల సంచితో వచ్చాడు. స్టూలు చూశాడు. బీము చూశాడు. సంచి కింద పెట్టాడు.

“ఎవలు మారుస్తుండ్రు కుమార్?”

“సర్...”

“నువ్వేనా?”

“మొదటిసారి పలిగినప్పుడు గ్రానైటు లారీలకు అదిరిందనుకున్న సర్. బయట రోడ్డు చూస్తుండ్రు గదా, పొద్దస్తమానం బండలే పోతుంటయ్. చిన్న గాజుముక్కకు మీరు పరేషాన్ అవుతరని కొత్తది పెట్టిన.”

“రెండోసారి?”

“గప్పుడు గూడ నేనే మార్చిన సర్.”

“తర్వాత?”

“సన్మానం అయినంక చెప్దామనుకున్న సర్. ఈ హాలు అంటే మీకు పాణం. మీ మనసు కష్టపెట్టుడు నా వల్ల గాలే.”

“నా మనసు బీమును మోస్తదా కుమార్?”

కుమార్ కళ్లు తుడుచుకున్నాడు. కుమార్ మీద నాకు కోపం రావాల్సింది, రాలేదు. గురువు మీద ప్రేమతో గాజు ముక్కలు మారుస్తూ వచ్చాడు పిచ్చోడు. ఆ బీము కింద రేపు ఊళ్లో ఇంజనీర్లందరూ పిల్లాజెల్లలతో కూర్చోబోతున్నారు.

సంఘం అధ్యక్షుడు ఓంప్రకాశ్ వచ్చేసరికి మక్బూల్ సాబు హాలు తలుపుకు తాళం వేసి, తాళంచెవి షర్టు జేబులో వేసుకొని ఉన్నాడు. ఓంప్రకాశ్ పెద్ద గుత్తేదారు కూడా. గొంతు తగ్గించడం ఆయనకు తెలియదు.

“సాబ్, ఏంది గీ తమాషా? కార్డులు పంచినం. ముఖ్య అతిథి హైదరాబాద్ నుంచి బయలెల్లుతుండు. హాలు ఇయ్యనంటే ఎట్ల?”

“బీము కదులుతున్నది.”

“కదిలితే రేపు గాక ఎల్లుండి చూద్దాం. ఒక్క పూట. గా ఒక్క పూటకు ఏమైతది?”

“నాకు ఎరుక లేదు. గందుకే తాళం ఏసిన.”

“ఊరందరి ఇండ్లకు మనం సంతకాలు పెడుతున్నం. మన హాలే మనకు కట్టుకోరాలేదంటే ముఖం ఏడ పెట్టుకోవాలె? పైన అంతస్తు మోస్తదని చెప్పింది ఎవలు?”

“నేనే.”

“మరి మీరే గిట్ల అంటే మీ పేరు ఏం గావాలె?”

మక్బూల్ సాబు ద్వారం పక్కనున్న రాతి వైపు చెయ్యి చూపించాడు. “గా పేరు నాదే గదా. నాకు లేని బాధ నీకెందుకు?”

“కమిటీని అడగకుండ మూసిండ్రు. రేపు సభ్యత్వం మీద మాట వస్తది, చెప్తున్న.”

ఆ మాటకు మక్బూల్ సాబు ముఖం ఒక్కసారి వాడిపోయింది. షర్టుకు ఉన్న సంఘం బిళ్లను వేళ్లతో తడుముకున్నాడు. ఈద్‌కైనా, దవాఖానకు పోయినా ఆ బిళ్ల లేకుండా ఆయన గడప దాటడం నేను చూడలేదు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

మరుసటి రోజు సాయంత్రం ఆయన షేర్వానీ వేసుకొని వచ్చి, హాలు మెట్ల కింద రోడ్డు మీదే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పక్కనే బానో, సంచిలో తస్బీ పూసల దండ పెట్టుకొని. సంఘం వాళ్లకు వేరే దారి లేక రోడ్డుకు అడ్డంగా షామియానా వేశారు. వాన వెలిసింది గానీ షామియానా గుడ్డ నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మా ఇంట్లో కుర్చీలన్నీ బయటపెట్టాను. వచ్చినవాళ్లు బురదలో చీరలు ఎత్తిపట్టుకొని, మక్బూల్ సాబును దాటుకుంటూ పోయారు. నమస్తే పెట్టినవాళ్లు తక్కువ.

“సన్మానం ముందే నెత్తికెక్కింది పెద్దాయనకు” అన్నాడొకడు, వినపడేలా.

బానో వెంటనే అందుకుంది. “నెత్తికెక్కలే బేటా. నీ నెత్తి మీద పడకుండ కావలి ఉన్నడు.”

సభ మొదలైంది. ముఖ్య అతిథి మాట్లాడాడు. ఓంప్రకాశ్ సన్మానాల పేర్లు చదివాడు. మక్బూల్ సాబు పేరు చదవలేదు. శాలువా ఒకటి బల్ల మీద మడత విప్పకుండా ఉండిపోయింది. కుమార్ మైకు పక్కన నిలబడి దాన్నే చూస్తున్నాడు. మక్బూల్ సాబు చూపు మాత్రం హాలు కిటికీ మీద ఉంది. నేను ఆయన చూపునే చూస్తున్నాను.

ఓంప్రకాశ్ వందన సమర్పణ మధ్యలో ఉండగా ఆ చప్పుడు వచ్చింది.

పెద్దది కాదు. తాళం వేసిన హాల్లోంచి, ఎండిన వెదురు విరిచినట్టు. నాబోటి వాళ్లం ఏదో పడిందనుకున్నాం. ఇంజనీర్లు అలా అనుకోలేదు. అంతమందీ ఒకేసారి నోరు మూశారు. ఓంప్రకాశ్ నోట్లో మాట సగంలో తెగిపోయింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మైకు ఒక్కటే గుయ్యిమంటోంది.

మక్బూల్ సాబు లేచాడు.

“అందరు రోడ్డు అవతలికి పోన్రి. ఉరుకకున్రి. నడువున్రి.”

నడిచారు. ఈసారి ఎవరూ ఎదురు మాట్లాడలేదు. రోడ్డు అవతల ఉన్నది మా ఇల్లే. నేను గేటు బార్లా తెరిచి, “రాన్రి బిడ్డా, లోపటికి రాన్రి” అని పిలిచాను. ఆడవాళ్లు, పిల్లలు మా వాకిట్లోకీ ముందు గదిలోకీ సర్దుకున్నారు. వెనక హాల్లో ఏదో రాలుతున్న చప్పుడు, గుప్పెడు కంకర జారవిడిచినట్టు.

మక్బూల్ సాబు చివరగా మా గేటు దాకా వచ్చి ఆగాడు. తల ఎత్తి మా ఇంటి పై వాటాను చూశాడు. ఆయన ముఖం నిన్న గాజు పెంకు చూసినప్పటి ముఖమే.

“ఇక్కడ గాదక్కా” అన్నాడు మెల్లగా.

“ఏంది?”

“అందరిని బడి మైదానానికి తోలు. కుమార్! మైదానానికి తీసుకపో అందరిని.”

“మా ఇంట్ల ఏమైంది సాబ్?”

“తర్వాత చెప్త. నువ్వు గూడ రా. పైన కిరాయోళ్లను పిలువు.”

అంతమందితో కలిసి నేను కూడా మా ఇంటి తలుపు దగ్గరికి వేసి, తడి మైదానంలో నిలబడ్డాను. కాసేపటికి కిటికీలోంచి టార్చి వేసి చూసినవాళ్లు తిరిగి వచ్చారు. బీము స్టేజీ వైపు జానెడు దిగిందట. పెచ్చులు ఊడి, కడ్డీలు బయటపడి, సన్మానానికి స్టేజి మీద వేసిన సోఫాలపై కాంక్రీటు పడి ఉందట. నడిమి సోఫా మక్బూల్ సాబు కోసం వేసింది. ఓంప్రకాశ్ ఆ సంగతి చెప్పలేక చెప్పాడు. శాలువా చేత పట్టుకొని వచ్చాడు గానీ, అది ఎవరికీ కప్పలేదు. మక్బూల్ సాబు ఆ వైపు చూడలేదు కూడా.

తెల్లారి హాలు నిండా ఇనుప జాకీలు పెట్టి స్లాబును మోయించారు. పై అంతస్తును ఒక్కో ఇటుకా విప్పి దింపుతున్నారు, ఇంకా అయిపోలేదు. సభ్యత్వం మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మీటింగులు బడిలో ఒక గదిలో జరుగుతున్నాయి. నడిమి కుర్చీ అక్కడ కూడా వేస్తున్నారు. మక్బూల్ సాబు పోయి వెనక బెంచీ మీద కూర్చుంటున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంటోంది. ఎవరైనా, “గిది మోస్తదా సర్?” అని అడిగితే ఆయన జవాబు చెప్పడం లేదట. లెక్క వేసి తెమ్మంటున్నాడట, వేసినదాన్ని ఇంకొకరితో మళ్లీ వేయించమంటున్నాడట. సాయవ్వ చెప్పింది, బడి గది ఊడ్చేది కూడా ఆమే.

ఆయన “మోస్తది” అన్న ఇళ్లన్నీ ఇప్పుడు ఆయనే తిరుగుతున్నాడు. చేతిలో గాజు పట్టీల డబ్బా, వెనక స్టూలు మోస్తూ కుమార్. మా ఇంటికి వచ్చిన రోజు ముందు గది చూశాడు, మెట్లు చూశాడు. వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్క గోడకు వేలాడుతున్న క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

“క్యాలెండరు మూరెడు కిందికి ఎందుకు కట్టినవక్కా?”

“నాకు కండ్లు సరిగ ఆనయ్ గదా సాబ్.”

ఆయన నా ముఖం వంక చూసి, కుమార్‌కు సైగ చేశాడు. కుమార్ క్యాలెండరు తీశాడు. దాని వెనక పగులు, బీము కింద నుంచి మొదలై వంకర తిరుగుతూ పొయ్యి దాకా. పోయిన వానాకాలం అది ఇంత పొడుగు లేదు.

స్టూలు ఈసారి కుమార్ పట్టుకున్నాడు. మక్బూల్ సాబు గాజు అతికించాడు. పై వాటా ఖాళీ చేయించమన్నాడు, చేయించాను. ముందు గదిలో రెండు జాకీలు నిలబెట్టించాడు. వాటి మధ్య నుంచే పూజగదికి పోతున్నాను. లెక్కలు వేస్తున్నామనీ, అయ్యాక చెప్తామనీ కుమార్ అన్నాడు. ఇంకా అవలేదు.

ఆ రోజు ఆయన వెళ్లబోతుంటే పాత ప్రశ్న మళ్లీ అడిగాను.

“పలిగితే సాబ్?”

ఈసారి జవాబు చెప్పాడు.

“ముట్టుకోకు. మార్చకు. చెప్పులు గూడ తొడుక్కోకుండ బయటికి నడువు. తర్వాతే నన్ను పిలువు.”

ఇప్పుడు పొద్దున లేవగానే దీపం కంటే ముందు ఆ గాజునే చూస్తున్నాను. చాయ్ పెట్టుకుంటూ చూస్తాను, కూర కలుపుతూ చూస్తాను. బయట రోడ్డు మీద గ్రానైటు లారీ వచ్చినప్పుడు ముందు గిన్నెలు గలగలమంటాయి, తరువాత జాకీలు సన్నగా మూలుగుతాయి. లారీ మలుపు తిరిగి, చప్పుడు పూర్తిగా పోయేదాకా నా చెయ్యి గరిటె మీదే ఆగిపోతుంది.